వర్క్‌స్టేషన్ కీబోర్డులోని సీక్వెన్సర్: రికార్డు చేస్తే సౌండ్ ఎందుకు మారుతుంది, వాయింపు ఎందుకు బిగుసుకుపోతుంది?

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో ఒక మ్యూజిక్ వర్క్‌స్టేషన్, అంటే సౌండ్లు, రికార్డింగ్ రెండూ ఉన్న కీబోర్డు కొన్నాను. ఇన్నాళ్లూ సౌండ్ల కోసమే వాడాను. ఈమధ్య అందులోని సీక్వెన్సర్‌లో సొంత ట్యూన్ ఒకటి రికార్డు చేయబోతే మూడు చిక్కులు వచ్చాయి. నాకు బాగా నచ్చిన కాంబినేషన్ సౌండు పాటలోకి వచ్చేసరికి ఒట్టి పియానోలా పీలగా వినిపిస్తోంది. క్వాంటైజ్ చేస్తే, అంటే స్వరాలను యంత్రంతో లయకు సర్దిస్తే, వాయింపులో ప్రాణం పోతోంది, చేయకపోతే లయ తప్పుతోంది. పైగా ఒకసారి స్విచ్ ఆపి వేసేసరికి పాటే లేదు. ఇదంతా నేర్చుకోవడం అవసరమా, నేరుగా కంప్యూటర్‌కు వెళ్లిపోనా?

జవాబు:

నేర్చుకోండి. ఇరవై ఏళ్లకు పైగా ఈ యంత్రాల మీద పాటలు కడుతున్నాను, ఇప్పటికీ కొత్త ట్యూన్ తట్టినప్పుడు నేను ముందు కూర్చునేది కీబోర్డు ముందే. స్విచ్ వేసిన నిమిషంలో సౌండ్, కీలు, రికార్డింగ్ అన్నీ ఒక్కచోట సిద్ధంగా ఉంటాయి. కంప్యూటర్ సంగతి చివర్లో చెబుతాను.

సీక్వెన్సర్‌ను టేప్ రికార్డర్ అనుకుని వాడటం దగ్గరే మీ చిక్కులన్నీ మొదలయ్యాయి. అది శబ్దాన్ని పట్టుకోదు. మీ చేతులు ఏం చేశాయో రాసుకుంటుంది: ఏ కీ నొక్కారు, ఎప్పుడు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, పెడల్ ఎప్పుడు తొక్కారు. నొక్కిన బలాన్ని 1 నుంచి 127 వరకు ఒక అంకెగా వేసుకుంటుంది, దాన్నే వెలాసిటీ అంటాం. 1983లో వచ్చిన మిడి పద్ధతి ఇదే, నేటికీ దాని పునాది మారలేదు. ప్లే నొక్కినప్పుడు కీబోర్డు ఆ రాతను చదువుతూ అప్పటికప్పుడు మళ్లీ వాయిస్తుంది. స్వరాలు రాసుకున్న కాగితం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఆ కాగితాన్ని ఏ వాద్యం ముందు పెడితే ఆ వాద్యమే పలుకుతుంది.

మీ కాంబినేషన్ పీలగా మారడానికి కారణం ఇక్కడే ఉంది. కాంబినేషన్ అంటే నాలుగైదు సౌండ్లను పొరలుగా పేర్చి, ఒక్కోదానికి వాల్యూమ్, కీబోర్డు మీద హద్దు, ఎఫెక్టులు కుదిర్చి పెట్టిన ఏర్పాటు. పాటకు ఆ ఏర్పాటుతో సంబంధం లేదు. పాటకు సొంతంగా 16 ట్రాకులు, సొంత ఎఫెక్టులు ఉంటాయి. మీరు సాంగ్ మోడ్‌లోకి వెళ్లి మొదటి ట్రాక్ మీద రికార్డు చేస్తే, ఆ ట్రాక్‌కు ఏ ఒక్క సౌండు పెట్టి ఉందో అదే పలుకుతుంది. సాధారణంగా అది పియానోయే.

కాబట్టి ఆ ఏర్పాటు మొత్తాన్ని పాటలోకి తెచ్చుకోవాలి. కోర్గ్ ట్రైటాన్ ఎక్స్‌ట్రీమ్, క్రోనోస్ లాంటి వాటిలో దీనికి మంచి సదుపాయం ఉంది. కాంబినేషన్ మోడ్‌లో ఉండగానే ఎంటర్ బటన్ పట్టుకుని సీక్వెన్సర్ రెక్ బటన్ నొక్కితే, ఆ కాంబినేషన్‌లోని సౌండ్లు, ఎఫెక్టులు కొత్త పాటలోకి వచ్చేస్తాయి. దాని పేరు ఆటో సాంగ్ సెటప్. సాంగ్ మోడ్ మెనూలో కాంబినేషన్ నుంచి కాపీ చేసే ఆదేశం కూడా ఉంటుంది. యమహా మోటిఫ్ ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఎఫ్‌లలో కాంబినేషన్ బదులు పెర్ఫార్మెన్స్ అంటారు, ఆ మోడ్ నుంచే రికార్డింగ్ మొదలుపెట్టవచ్చు. మీది వేరే మోడల్ అయితే మాన్యువల్‌లో కాపీ అనే మాట ఉన్న పేజీలు ముందు చదవండి, ఇలాంటిదే ఏదో ఒకటి ఉంటుంది.

అయితే ఒక్క మాట. నాలుగు పొరల కాంబినేషన్ ఒంటరిగా వాయించినప్పుడు నిండుగా ఉంటుంది గానీ పాటలో మిగతా వాద్యాలకు చోటివ్వదు. పైగా వాయిస్‌లు, అంటే కీబోర్డు ఒకేసారి పలికించగల ధ్వనులు, మింగేస్తుంది. లెక్క చూడండి: ఒక స్టీరియో సౌండు ఒక్కో స్వరానికి 2 వాయిస్‌లు తీసుకుంటే, అలాంటివి రెండు పేర్చితే 4. నాలుగు స్వరాల కార్డ్ (కలిపి నొక్కే స్వరాల గుంపు) పట్టుకుంటే 16. పెడల్ తొక్కి తర్వాతి కార్డ్‌కు మారితే పాతది ఇంకా మోగుతూనే ఉంటుంది కాబట్టి 32. మొదటి ట్రైటాన్‌లో మొత్తం ఉన్నవే 62. ఇక డ్రమ్స్, బేస్ చేరాక స్వరాలు మధ్యలో తెగిపోతే అది కీబోర్డు చెడిపోవడం కాదు, వాయిస్‌లు చాలకపోవడం. పాటలో నేను కాంబినేషన్ నుంచి రెండు పొరలే ఉంచి మిగతావి తీసేస్తాను. ఎఫెక్టుల విషయంలోనూ అంతే. రివర్బ్, డిలే అందరికీ ఉమ్మడిగా పెట్టి ఒక్కో ట్రాక్ నుంచి కావలసినంత పంపండి. ఒక సౌండు తన స్వభావాన్నే ఎఫెక్టు నుంచి తెచ్చుకుంటే, అంటే డిస్టార్షన్ గిటార్, తిరిగే స్పీకర్ ఆర్గన్ లాంటివైతే, వాటికి మాత్రమే విడిగా ఇన్సర్ట్ ఎఫెక్ట్ కేటాయించండి.

ఇప్పుడు లయ గురించి. మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఇదే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

సీక్వెన్సర్ ఒక్కో బీట్‌ను చిన్న చిన్న భాగాలుగా కోస్తుంది. వాటిని టిక్‌లు అంటారు. పాత యంత్రాల్లో బీట్‌కు 48, 96 టిక్‌లు ఉండేవి. ట్రైటాన్‌లో 192, మోటిఫ్, క్రోనోస్‌లలో 480. టెంపో 120 దగ్గర ఒక బీట్ అర సెకను, అంటే 500 మిల్లీసెకన్లు. 480 టిక్‌లుగా కోస్తే ఒక్కోటి మిల్లీసెకనుకు కొంచెం ఎక్కువ, 48గా కోస్తే పది మిల్లీసెకన్లు దాటుతుంది. అంటే మీ చేతిలోని సూక్ష్మమైన ముందు వెనుకలను కొత్త యంత్రం దాదాపు ఉన్నదున్నట్టు పట్టుకుంటుంది. క్వాంటైజ్ నొక్కిన మరుక్షణం ఆ సూక్ష్మతనంతా మీరే చెరిపేస్తున్నారు.

మొదట చూడాల్సింది రికార్డింగ్ సెట్టింగ్. చాలా కీబోర్డుల్లో రికార్డు చేస్తుండగానే సర్దేసే క్వాంటైజ్ ఒకటి ఉంటుంది. మీకన్నా ముందు వాడినవారు ఎవరో దాన్ని పదహారో స్వరానికి (బీట్‌లో నాలుగో వంతుకు) పెట్టి వదిలేసి ఉండవచ్చు. దాన్ని ఆపేయండి. కోర్గ్‌లో అయితే రిజల్యూషన్‌ను హై అని పెట్టాలి. మీరు వాయించింది వాయించినట్టు లోపలికి వెళ్లాలి, సర్దడం తర్వాతి పని. వెళ్లేటప్పుడే సర్దిన స్వరం అసలు ఎక్కడ ఉండేదో తెలుసుకునే దారి ఉండదు.

తర్వాత ఏ గ్రిడ్‌కు, అంటే బీట్‌ను సమానంగా కోసిన ఏ గీతలకు సర్దుతున్నారో చూసుకోండి. బీట్‌కు 480 టిక్‌లు ఉన్నప్పుడు పదహారో స్వరాల గ్రిడ్ 0, 120, 240, 360 దగ్గర పడుతుంది. మీరు బీట్‌ను మూడుగా విరిచి ఒక చిన్న సంగతి వేశారనుకోండి, అవి 0, 160, 320 దగ్గర ఉంటాయి. క్వాంటైజ్ చేస్తే 160 వెళ్లి 120 దగ్గర, 320 వెళ్లి 360 దగ్గర కూర్చుంటాయి. మీరు వాయించిన నడక మాయమై వేరే నడక వస్తుంది. ప్రాణం పోయిందని మీకు అనిపించే చోట్లలో సగం ఇలాంటివే అయి ఉంటాయి. అలాగే గిటార్ మీటినట్టు కార్డ్‌ను కింది నుంచి పైకి విరిచి వాయిస్తే, ఆ స్వరాలన్నీ ఒకే టిక్ మీదకు కుప్పపడతాయి. అందుకే ట్రాక్ మొత్తానికి ఒకేసారి క్వాంటైజ్ చేయకండి. తడబడిన రెండు బార్లను (బార్ అంటే సాధారణంగా నాలుగు బీట్లు) ఎంచుకుని వాటికే చేయండి.

క్వాంటైజ్‌లో స్ట్రెంత్ అని ఒక శాతం ఉంటుంది. 100 పెడితే స్వరం గ్రిడ్ మీదకు పూర్తిగా జరుగుతుంది, 50 పెడితే సగం దూరమే జరుగుతుంది. డ్రమ్స్‌లోని కిక్, స్నేర్‌లకు నేను 90 పైన పెడతాను. బేస్‌కు 60, 70 మధ్య. పియానోకు, స్ట్రింగ్స్‌కు అసలు పెట్టను, మరీ తప్పిన స్వరాన్ని ఒక్కో స్వరాన్నీ విడిగా మార్చే ఈవెంట్ ఎడిట్‌లోకి వెళ్లి చేత్తో జరుపుతాను. స్వింగ్ అనే శాతం కూడా ఉంటుంది, అది మధ్య స్వరాలను కాస్త ఆలస్యం చేసి నడకకు ఊగు ఇస్తుంది. యంత్రానికి ఈ ఊగు నేర్పింది రోజర్ లిన్, 1980లో వచ్చిన ఆయన ఎల్‌ఎం-1 డ్రమ్ మెషీన్‌లోనే అది ఉంది. చాలా యంత్రాల్లో 50 అంటే తిన్నగా, 66 అంటే బీట్‌ను మూడుగా విరిచిన నడక. కొన్నిటిలో లెక్క 0 నుంచి మొదలవుతుంది, అది చూసుకోండి. 54 నుంచి 58 వరకు ఒక్కో అంకె పెంచుతూ డ్రమ్స్‌లోని హై-హ్యాట్ (జంట తాళాలు) వినండి, తేడా మీకే తెలుస్తుంది.

కానీ నా అనుభవంలో వాయింపు బిగుసుకుపోవడానికి సమయం కంటే వెలాసిటీయే పెద్ద కారణం. హై-హ్యాట్ పదహారు దెబ్బలూ 100 మీద ఉంటే గ్రిడ్ నుంచి ఎంత జరిపినా టైప్ మిషన్‌లాగే మోగుతుంది. బీట్ మీద పడేవి 95, 100 దగ్గర, మధ్యలోవి 60, 70 దగ్గర పెట్టి, గ్రిడ్ మీదే ఉంచి వినండి. ఊపిరి వచ్చేస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. చాలా సౌండ్లు ఒక హద్దు దాటి గట్టిగా నొక్కితే వేరే శాంపిల్‌కు మారతాయి, మామూలు బేస్ కాస్తా స్లాప్ బేస్ అవుతుంది. కాబట్టి ట్రాక్ చిన్నగా వినిపిస్తోందని వెలాసిటీలు మొత్తం పెంచకండి, వాల్యూమ్ పెంచండి.

స్వరం పొడవు కూడా చూడండి. బేస్ ఎక్కడ మొదలైందో అందరూ వింటారు, ఎక్కడ ఆగిందో కొద్దిమందే వింటారు. స్నేర్ పడే ముందు బేస్ స్వరం ఆగితే ఆ స్నేర్ ఎంతో గట్టిగా వినిపిస్తుంది. స్నేర్ వాల్యూమ్ ముట్టుకోనవసరం లేదు. నేను బేస్ ట్రాక్ మీద వెచ్చించే సమయంలో ఎక్కువ భాగం స్వరాల తోకలు కత్తిరించడానికే పోతుంది.

మరి తడబాటు సంగతి? ఒట్టి మెట్రోనోమ్ క్లిక్‌తో వాయించకండి. ముందు ఏదైనా తయారు డ్రమ్ ప్యాటర్న్ లూప్‌లో పెట్టి దానితో వాయించండి, పని అయ్యాక తీసేయవచ్చు. క్లిక్ బీట్ ఎక్కడుందో చెబుతుంది, డ్రమ్ ప్యాటర్న్ అయితే బీట్‌కూ బీట్‌కూ మధ్య ఎలా నడవాలో కూడా చెబుతుంది. కష్టమైన చోట టెంపో తగ్గించి రికార్డు చేసుకోవచ్చు. రాసుకునేది చేతి కదలికలే కాబట్టి తర్వాత పెంచినా శ్రుతి మారదు. కానీ మరీ తగ్గించకండి. 120 పాటను 80 మీద వాయించి పెంచితే అది ఎవరూ వాయించని వాయింపులా ఉంటుంది. 108 దాకా ఫరవాలేదు.

పాటను మొదటి బార్ నుంచి మొదలుపెట్టకండి, మూడో బార్ నుంచి మొదలుపెట్టండి. మనిషి చేయి మొదటి స్వరాన్ని ఒక్కోసారి పది ఇరవై టిక్‌లు ముందే వేస్తుంది. ముందు బార్ అంటూ ఏదీ లేకపోతే ఆ స్వరం నిలిచే చోటు ఉండదు. బార్లు కాపీ చేసేటప్పుడు కూడా ఇదే ఇబ్బంది వస్తుంది. ఐదో బార్ మొదటి స్వరం కాస్త ముందు పడితే యంత్రం లెక్కలో అది నాలుగో బార్‌లో ఉన్నట్టు. ఐదు నుంచి ఎనిమిది దాకా కాపీ చేస్తే ఆ మొదటి స్వరమే రాదు. చాలామంది ఇది యంత్రం తప్పనుకుంటారు. కాపీ చేసే ముందు ప్రతి భాగం మొదటి స్వరాన్ని మాత్రం గ్రిడ్ మీదకు సర్దుకుంటే సరిపోతుంది.

పెడల్ దగ్గర కూడా ఇలాంటిదే ఒకటి. పెడల్ తొక్కడం, వదలడం రెండూ 64వ నంబర్ కంట్రోలర్‌గా రికార్డవుతాయి. ప్యాటర్న్ చివరి బీట్‌లో తొక్కి లూప్ తిరిగాక వదిలితే, వదిలిన సంగతి రికార్డు కాకపోవచ్చు. అప్పుడు స్వరాలు ఆగకుండా ముద్దగా పేరుకుంటాయి. ఈవెంట్ లిస్ట్‌లోకి వెళ్లి లూప్ చివర 64కు 0 విలువ రాయండి. ఇక వాల్యూమ్‌కు 7, ఎక్స్‌ప్రెషన్‌కు 11. స్ట్రింగ్స్ పొంగి తగ్గడానికి 11 వాడండి, 7ను మిక్సింగ్‌కు వదిలేయండి. రెండు పనులకూ 7నే వాడితే చివర్లో స్ట్రింగ్స్ కొంచెం తగ్గిద్దామన్నా ప్రతి పొంగునూ విడివిడిగా మార్చాల్సి వస్తుంది. స్ట్రింగ్స్ స్వరాలు ముందు వాయించి, పొంగును రెండోసారి ఓవర్‌డబ్‌లో నాబ్ తిప్పుతూ ఎక్కించండి. రెండు చేతులూ స్వరాల మీద ఉన్నప్పుడు పొంగు సరిగా కుదరదు.

ఓవర్‌డబ్ అన్నాను కదా, రికార్డు మోడ్ ఏదో ప్రతిసారీ చూసుకోండి. ఓవర్‌రైట్ లేదా రీప్లేస్ అయితే ఆ ట్రాక్ మీద ఉన్నది చెరిగిపోతుంది. ఓవర్‌డబ్ లేదా మిక్స్ అయితే పాతది ఉండగా కొత్తది చేరుతుంది. పాత కోర్గ్‌లలో కంపేర్ బటన్ నొక్కితే చివరి మార్పు వెనక్కి వస్తుంది, మోటిఫ్‌లో అన్‌డూ ఉంది. చాలావాటిలో ఒక్క అడుగే వెనక్కి వెళ్లగలం. అందుకే పెద్ద మార్పు చేసే ముందు ఆ ట్రాక్‌ను ఖాళీ ట్రాక్‌లోకి కాపీ చేసి మ్యూట్ చేసి పెడతాను. 16 ట్రాకులూ నిండే పాటలు తక్కువే.

పాటలు కట్టే పద్ధతి మీరు అడగలేదు కానీ చెప్పాలనిపిస్తోంది. ప్యాటర్న్ మోడ్‌లో ఎనిమిది బార్ల లూప్ చేసుకుని దాని మీద పొర మీద పొర వేస్తూ పోవడం చాలా హాయిగా ఉంటుంది, కానీ పాట అక్కడే ఆగిపోతుంది. నాలుగు పొరలు పడగానే ఆపి పల్లవికి ఒకటి, చరణానికి ఒకటి, మధ్య వాద్య భాగానికి ఒకటి విడివిడిగా ప్యాటర్న్‌లు చేయండి. వాటిని వరుసగా పేర్చి పాటగా మార్చేయండి. అక్కడి నుంచి ముఖ్యమైన వాద్యాన్ని పాట మొత్తం ఒక్క బిగిన వాయించండి. డ్రమ్స్ కాపీ చేస్తే తప్పు లేదు. కానీ రెండో చరణంలో ఫ్లూట్ మొదటి చరణం కాపీ అయితే వినేవారికి తెలిసిపోతుంది, ఎందుకో చెప్పలేకపోయినా సరే.

స్విచ్ ఆపితే పాట పోవడం గురించి. ట్రైటాన్, మోటిఫ్ తరం యంత్రాల్లో పాట తాత్కాలిక మెమరీలో ఉంటుంది. సౌండ్లు నిలుస్తాయి, పాట నిలవదు. దాన్ని మెమరీ కార్డ్‌లోనో యూఎస్‌బీలోనో మీరే సేవ్ చేయాలి. నాకూ ఇలాగే మూడు రాత్రుల పని పోయింది. కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది, అంతే. మర్నాడు మళ్లీ కూర్చుని కట్టాను గానీ మొదటిసారి పడిన బేస్ లైన్ ఇప్పటికీ గుర్తు రాలేదు. అప్పటి నుంచి ఒక ట్రాక్ బాగా కుదిరిందనిపించిన ప్రతిసారీ సేవ్ చేస్తాను, పేరు చివర 01, 02 అని అంకె మారుస్తూ. పాతదాని మీద ఎప్పుడూ సేవ్ చేయను.

సేవ్ చేసేటప్పుడు ఇంకొకటి గమనించాలి. కోర్గ్‌లో పాట ఎస్‌ఎన్‌జీ ఫైల్‌గా, సౌండ్లు పీసీజీ ఫైల్‌గా వెళతాయి. పాట ఫైల్‌లో ఫలానా బ్యాంక్‌లో ఫలానా నంబర్ సౌండు అని మాత్రమే ఉంటుంది. ఆరు నెలల తర్వాత అదే నంబర్‌లో మీరు వేరే సౌండు రాసి ఉంటే, పాట తెరిచినప్పుడు బేస్ బదులు గంటలు మోగుతాయి. కాబట్టి సేవ్ ఆల్ ఎంచుకుని రెండూ కలిపి భద్రపరచండి. సొంతంగా మార్చిన సౌండ్లు ఉంటే ఇది తప్పనిసరి.

ఇక కంప్యూటర్. సవరణలు, గాత్రం రికార్డింగ్, మిక్సింగ్ పెద్ద తెర మీద చాలా తేలిక, అందులో వాదన లేదు. తయారీదారులు కూడా ఇది గ్రహించారు. క్రోనోస్‌లో 16 మిడి ట్రాకులతో పాటు 16 ఆడియో ట్రాకులు ఇచ్చారు. యమహా 2016లో మాంటేజ్ కీబోర్డు తెచ్చినప్పుడు సీక్వెన్సర్‌ను బాగా కుదించి, ప్యాటర్న్ సీక్వెన్సర్‌ను తర్వాతి అప్‌డేట్‌లో చేర్చింది. నా సలహా ఏమిటంటే ట్యూన్, నడక, వాద్యాల ఎంపిక కీబోర్డులో పూర్తి చేయండి. పాట మొదటి నుంచి చివరి దాకా నిలబడ్డాక కంప్యూటర్‌కు తీసుకెళ్లండి.

తీసుకెళ్లడానికి పాటను స్టాండర్డ్ మిడి ఫైల్‌గా సేవ్ చేయవచ్చు. టైప్ 1 ఎంచుకుంటే ట్రాకులు విడివిడిగా వెళతాయి, టైప్ 0 అయితే అన్నీ ఒకే ట్రాక్‌లో కలిసిపోతాయి. ఆ ఫైల్‌లో టెంపో, స్వరాలు ఉంటాయి, సౌండ్లు ఉండవు. సౌండ్లు కావాలంటే కీబోర్డు నుంచి ఒక్కో ట్రాక్‌నూ సోలో చేసి (అదొక్కటే వినిపించేలా పెట్టి) ఆడియోగా రికార్డు చేసుకోవాలి. కంప్యూటర్‌కు కలిపి వాయిస్తున్నప్పుడు ప్రతి స్వరం రెండుసార్లు మోగినట్టు వినిపిస్తే కీబోర్డులో లోకల్ కంట్రోల్ ఆపేయండి. కీల నుంచి నేరుగా ఒకసారి, కంప్యూటర్ చుట్టి వచ్చి ఒకసారి సౌండు పలకడమే దానికి కారణం. కంప్యూటర్ పని అయ్యాక దాన్ని మళ్లీ ఆన్ చేయడం మరిచిపోతే కీలు నొక్కినా సౌండు రాదు, అప్పుడు టెన్షన్ పడకండి.

ఒక్కో ట్రాక్‌ను ఆడియోగా ఎక్కించేటప్పుడు మీరు ఖాళీగా వదిలిన మొదటి రెండు బార్లు బాగా పనికొస్తాయి. ప్రతి ట్రాక్‌లోనూ మొదటి బార్ మొదటి బీట్ మీద వెలాసిటీ 127తో ఒక పొట్టి స్వరం పెట్టండి. ప్యాడ్‌లాగా నెమ్మదిగా పైకి లేచే సౌండ్ ఉన్న ట్రాక్ అయితే, దాన్ని ఎక్కించేటప్పుడు ఆ ఒక్క దెబ్బకు డ్రమ్ ట్రాక్‌ను కూడా సోలోలో ఉంచి, మూడో బార్ వచ్చేలోపు తీసేయండి. కంప్యూటర్‌లో ఆడియో ముక్కలన్నిటినీ ఆ దెబ్బ దగ్గర వరుసలో పెట్టి, తర్వాత మొదటి రెండు బార్లు కత్తిరించేయండి.